అమ్మ ఆదరణ మాటలు మానేసిన ఏడాది

మొన్నామధ్య రోలుగుంటలో ఒక ఆదరణ కూడికకు వెళ్ళాను. మా సంఘాల్లో మనిషిని భూస్థాపన చేసిన కొన్నాళ్ళకు, ఇంటివాళ్ళ దుఃఖం తేలికపడాలని అందరూ కలిసి చేసుకునే ప్రార్థన అది. చనిపోయింది ప్రసన్న అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయి. సముద్రం వైపున్న ఒక మందుల ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో పనిచేసేది. అక్కడ మంటలు లేచిన రోజు ఆమె పగటి షిఫ్టులో ఉంది. ప్రసన్న తల్లి దీనమ్మ చోడవరం హైస్కూల్లో నా దగ్గర చదువుకుంది. రెండు జడలు వేసుకుని, మూడో బెంచీలో గోడవైపు కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల. ఆ పిల్ల ఇప్పుడు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో, పూలదండ వేసిన కూతురి ఫోటో పక్కన కూర్చుని ఉంది. ఫోటో చాలా పెద్దది. ఐడీ కార్డు కోసం తీయించుకున్న చిన్న ఫోటోని అంత పెద్దది చేయించడంతో ప్రసన్న ముఖం కాస్త మసకబారింది.

కూడిక నడిపిస్తున్న పాస్టరుగారు కుర్రవాడు. ఆయన మైకులో నా పేరు చెప్పి, "మన టీచరుగారి తల్లి సువార్తమ్మగారంటే ఈ చుట్టుపక్కల తెలియని సంఘం లేదు. ఆదరణ మాటలు చెప్పడంలో ఆమెది దేవుడిచ్చిన వరం. ఆ తల్లికి తగ్గ కూతురు ఇప్పుడు మనతో మాట్లాడతారు" అన్నారు. నేను లేచి వెళ్ళాను. ఇలాంటి కూడికల్లో మాట్లాడటం నాకు కొత్త కాదు. రిటైరయ్యాక ఏడాదికి ఎన్నిచోట్లకు పిలుస్తారో చెప్పలేను. ఏ వాక్యంతో మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నాకు బాగా తెలుసు. మైకు పట్టుకుని దీనమ్మ వైపు చూశాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. పాఠం చెప్పబోతే చూసినట్టు, ఏదో చెబుతారు, రాసుకోవాలి అన్నట్టు చూస్తోంది. పాస్టరుగారు అమ్మ పేరెత్తారు కదా, ఆ పేరే నన్ను ఆపేసింది. ఆయనకు తెలియనిదేమిటంటే, మా అమ్మ ఆ మాటలు చెప్పడం మానేసి ముప్పై ఏళ్ళు బతికింది. "ప్రసన్న నాకు తెలియదు. దీనమ్మ నా స్టూడెంటు. ఇంతకంటే నాకు మాటలు రావడం లేదు" అని చెప్పి వచ్చి కూర్చున్నాను. వెనక కుర్చీల్లో ఎవరో గుసగుసలాడారు. ఆటోలో చోడవరం తిరిగి వస్తుంటే దారి పొడుగునా చెరకు తోటలు, కళ్ళ ముందు మాత్రం మా పాత ఇల్లు.

ఆ ఇల్లు చోడవరంలో బజారు వీధి వెనక ఉండేది. ముందు గది నాన్న దర్జీ షాపు, వెనక రెండు గదులు మేము. నాన్న పేరు ఆశీర్వాదం. కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టేవాడు. మిషను నూనె వాసన, కొత్త లాంగ్‌క్లాత్‌లోంచి వచ్చే గంజి వాసన, చలికాలమైతే ఊరి బయట పాకల్లో ఉడుకుతున్న బెల్లం వాసన, మూడూ కలిసి ఉండేవి ఆ ఇంట్లో. ఇప్పటికీ బట్టల షాపులో తాను విప్పితే నా ముక్కు ఆ మిగతా రెండు వాసనల కోసం వెతుకుతుంది. నాన్న మామూలు రోజుల్లో చొక్కాలు, లంగాలు, స్కూలు నిక్కర్లు కుట్టేవాడు. సంఘంలో ఎవరైనా పోతే మాత్రం అన్నీ పక్కన పెట్టి ఆఖరి బట్టలు కుట్టేవాడు. చావింటికి టేపు పట్టుకెళ్ళేవాడు కాదు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూసి వచ్చేసేవాడు. చూసిన చూపుతోనే కొలత సరిపోయేది. ఆ బట్టలకు వెనకభాగం తెరిచి ఉంచి, నాడాలు పెట్టేవాడు. బిగుసుకుపోయిన మనిషికి చేతులెత్తి తొడగలేరు కాబట్టి ముందునుంచి కప్పి వెనక కట్టేలా ఉండాలి. వడ్రంగి పెట్టె చేసి తెచ్చాక లోపల తెల్లబట్ట, పైన నల్లబట్ట మేకులతో బిగించి, తెల్ల రిబ్బనుతో సిలువ వేయడం కూడా నాన్న పనే. అదంతా మా వరండాలోనే జరిగేది. పెట్టె పక్కనే కూర్చుని నేను ఎక్కాలు చదువుకునేదాన్ని. భయమనేది తెలియదు.

నాన్న పని చేతులతో, అమ్మ పని నోటితో. చావు కబురు రాగానే అమ్మ పొయ్యి మీదున్నది దింపేసి, స్నానం చేసి, తెల్ల నేత చీర కట్టుకుని, పాటల పుస్తకం సంచీలో పెట్టుకుని, గొడుగు తీసుకుని బయలుదేరేది. రోలుగుంట, వడ్డాది, చీడికాడ, ఎక్కడ మా వాళ్ళ ఇల్లుంటే అక్కడికి. బస్సు దొరికితే బస్సు, లేకపోతే నడక. అమ్మ గడప దాటి లోపలికి అడుగుపెడితే ఏడుపులు తగ్గేవని చెప్పుకునేవారు. నేను కళ్ళారా చూశాను కూడా. గుండెలు బాదుకుంటున్న ఆడదాని పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, పాట పాడినంత మెత్తగా మొదలుపెట్టేది. తోటలో మంచి పువ్వునే కదా తోటమాలి ముందు కోసుకుంటాడు, ఇది ఆయన చిత్తం, ఆయనకి ఇష్టమైన బిడ్డ, ఏడిస్తే ఆయన చేసింది తప్పని మనం అన్నట్టే, అని. వింటున్న మనిషి నెమ్మదించేది. కొంగుతో ముఖం తుడుచుకునేది. పాస్టరు అయ్యగార్లు కూడా తమ ప్రసంగం పక్కనపెట్టి ముందు అమ్మను మాట్లాడమనేవారు. నేనూ మా అప్పా గుడ్డబొమ్మకి భూస్థాపన ఆట ఆడుకునేవాళ్ళం. నేను అమ్మ గొంతుతో ఆ మాటలన్నీ అప్పజెప్పేదాన్ని. అప్ప నవ్వి, "బొమ్మ వాళ్ళమ్మ ఇంకా ఏడస్తంది, నీ మాటలు పనిసెయ్యనేదే గుంటా" అనేది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

అప్ప అంటే మా అక్క లిల్లీ. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ట్రైనింగు పూర్తిచేసి వడ్డాది దగ్గర ఒక చిన్న బడిలో టీచరుగా చేరింది. రోజూ పొద్దున ప్రైవేటు బస్సులో వెళ్ళి సాయంత్రం వచ్చేది. అప్పకు గుండీలంటే పిచ్చి. జాకెట్లకు అందరూ హుక్కులు పెట్టించుకుంటుంటే తను ముందు గుండీలే కావాలనేది. నాన్న షాపులో తెగిపోయిన గుండీలు, జతలేని గుండీలు ఏరుకుని ఒక పౌడరు డబ్బాలో దాచుకునేది. బడిలో పిల్లలకు వాటితోనే కూడికలు నేర్పేది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఒక మధ్యాహ్నం బడి ముందే వదిలేశారు. అప్ప ఎక్కిన బస్సు మలుపులో జారి కాలవలోకి ఒరిగింది. చాలామంది దెబ్బలతో బయటపడ్డారు. కిటికీ పక్కన కూర్చున్న కొద్దిమంది బయటపడలేదు. సైకిలు మీద వచ్చిన ఒక మనిషి నాన్న షాపు ముందు దిగి, సైకిలు స్టాండు వేయకుండా పట్టుకునే నిలబడి, "టైలరు బాబూ, మీ పెద్దమ్మాయి ఇయ్యాల పసుపుచీర కట్టిందేటి?" అని అడిగాడు. నాన్న సగం కుట్టిన చొక్కా మిషను మీద వదిలేసి లేచాడు.

అప్పని ఇంటికి తెచ్చాక నాన్న తెల్లబట్ట తాను తీశాడు. అప్ప కొలత కోసం ఆయన చూడక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ ఆయనే కుట్టాడు. కానీ సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు. మూడుసార్లు తడిపి, మెలిపెట్టి, చివరికి సూది నాకిచ్చాడు. నేను ఎక్కించాను. తెల్ల గౌను కుడుతుంటే మిషను చప్పుడు ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంది. కుట్టడం అయ్యాక ఆ గౌనుకు ముందువైపు ఆరు గుండీలు కుట్టాడు. వెనక నాడాలతో కట్టే బట్టకు ముందు గుండీలతో పనేమీ లేదు. అయినా కాజాలు కూడా చేత్తో, ఒక్కొక్కటీ చుట్టూ దారం తిప్పుతూ కుట్టాడు. అమ్మ వచ్చి చూసి, "ఎందుకవి?" అంది. "దానికిష్టం కదే" అన్నాడు నాన్న.

మరునాడు ఇల్లంతా జనం. అమ్మ ఎన్నో ఇళ్ళకు వెళ్ళింది కదా, ఆ ఇళ్ళవాళ్ళందరూ వచ్చారు. వచ్చినవాళ్ళు అమ్మ పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, అమ్మ తమకు చెప్పిన మాటలే అమ్మకు చెప్పారు. మంచి పువ్వునే ముందు కోసుకుంటాడు. ఆయనకి ఇష్టమైన బిడ్డ. ఆయన చిత్తం. ఒకరి తర్వాత ఒకరు, అవే మాటలు, అదే వరసలో. అమ్మ ప్రతి మనిషి ముఖంలోకీ కొత్తగా చూసినట్టు చూస్తోంది. చివరికి మా సంఘం అయ్యగారు వచ్చి కూర్చున్నారు. వయసు మళ్ళిన మనిషి, మంచివాడు. ఆయన కూడా, "సువార్తమ్మా, నీకు నేను చెప్పేదేముంది? ఎంతమందిని ఆదరించావు. దేవుని చిత్తమని నీకు తెలియనిదా?" అన్నారు.

"అయ్యగారూ, ఆ మాట నేను చానామందికి సెప్పేను. ఇంత బరువుంటాదని నాకు తెల్దు. మీరు ఇంకేటీ సెప్పకండి. కాసేపు కూకోండి" అంది అమ్మ.

ఆయన కూర్చున్నారు. ఏం చేయాలో తోచక టోపీ ఒళ్ళో పెట్టుకుని తిప్పుతూ ఉండిపోయారు. ఆ రోజు మా ఇంట్లో నాకు గుర్తున్న ఒకే ఒక్క నెమ్మది అదే.

తర్వాత రెండు రోజులకు పేపరొచ్చింది. లోపలి పేజీలో, అడుగున, మూడు లైన్లు. బస్సు కాలవలో పడిందని, మృతుల్లో ఒక యువతి ఉందని. నాన్న దాన్ని చాలాసార్లు చదివాడు. "పేరు వెయ్యనేదు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.

చాలా నెలలు అమ్మ ఏ చావింటికీ వెళ్ళలేదు. కబుర్లు వస్తూనే ఉన్నాయి. తెల్లచీర ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఆదివారం చర్చికి వెళ్ళేది, వెనక వరసలో కూర్చునేది, పాట పాడేది కాదు. నాన్న మాత్రం తన వంతు ఆఖరి బట్టలు తను కుడుతూనే ఉన్నాడు. ఒకనాటి పొద్దున్న, స్కూలుకు సెలవిచ్చిన రోజు, అమ్మ గొడుగు తీసింది. "ఒసే గుంటా, తలదువ్వుకో. చీడికాడ ఎల్దాం" అంది.

"ఎవులు పోయేరు?"

"ఎవులూ పోనేదు. పైడమ్మింటికి."

పైడమ్మ ఆరేళ్ళ కిందట మా సంఘంలో చేరిన మనిషి. చేరిన కొన్నాళ్ళకే నాలుగేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. అమ్మ వెళ్ళి ఆదరణ చెప్పింది. పైడమ్మ అప్పటికప్పుడు ఏడుపు ఆపేసిందని, కొత్తగా నమ్మిన మనిషికి ఎంత విశ్వాసమో చూడండని, అమ్మ మాట మహిమకు సాక్ష్యంగా చాలా రోజులు చర్చిలో చెప్పుకున్నారు. కానీ ఆ తర్వాత పైడమ్మ చర్చికి రావడం మానేసింది. పాత నమ్మకానికి వెనక్కి తిరిగిపోయిందిలే అనుకున్నారు. ఆ రెండు సంగతులనూ కలిపి చూసినవాళ్ళు లేరు.

కొండల కింద చిన్న పెంకుటిల్లు. అరుగు మీద పైడమ్మ చింతపండు పోగు ముందేసుకుని గింజలు తీస్తోంది. అమ్మను చూసి లేవబోయింది. "మీ పెద్దమ్మాయి సంగతి ఇన్నానమ్మా. రావాలనే అనుకున్నాను. కాలు కదల్నేదు" అంది.

అమ్మ అరుగు మీద ఎదురుగా కూర్చుంది. "దాని గురించి రానేదు పైడమ్మా. నీ బిడ్డ గురించి వచ్చేను. ఆ రోజు నీకొక మాట సెప్పేను. గుర్తుందేటి?"

"ఎందుకు గుర్తుండదు? దేవుడికి కావలిసొచ్చి తీసుకున్నాడన్నావు. ఏడిస్తే ఆయన్ని తప్పుపట్టినట్టేనన్నావు."

"ఆ మాట తప్పు. ఎనక్కి తీసుకోడానికొచ్చేను."

పైడమ్మ చేతులు ఆగాయి. "నేను నమ్మేనమ్మా" అంది. "ఆ రోజు నుండి ఏడవనేదు. నా గుంటని కావాలని తీసుకున్నాడంటే, మిగిలిన ఇద్దర్నీ కూడా సూస్తే కావాలంటాడేమోనని బయమేసింది. అందుకే చర్చికి తేవడం మానీసేను. ఇంట్లో వాళ్ళ పేరెట్టి ప్రార్థన కూడా సెయ్యను. ఆయనకి గుర్తు సెయ్యడమెందుకని. ఆరేళ్ళ నుండి వాళ్ళని ఆయనకి కనబడకుండా దాస్తన్నాను."

ఆ మాటకు అమ్మ ముఖం ఎలా అయిందో నేను చెప్పలేను. అప్పని కాలవలోంచి తెచ్చిన రోజు కూడా అలా అవలేదు.

"మరి దేవుడు కాకపోతే ఎవులు తీసికెల్లేరు?" అని అడిగింది పైడమ్మ.

"జొరం తీసికెల్లింది. ఆ జొరాన్ని ఆయన ఎందుకు ఆపనేదో నాకు తెల్దు. నా కూతురి బస్సుని ఎందుకు ఆపనేదో కూడా తెల్దు. రోజూ అడుగుతన్నాను. ఇంకా ఏటీ సెప్పనేదు."

"తెల్నప్పుడు ఎందుకు సెప్పేవు తల్లీ?"

అమ్మ ఒక చింతపండు ముక్క చేతిలోకి తీసుకుని గింజ తీసింది. "నువ్వలగ ఏడస్తంటే నేను అక్కడ కూకోలేకపోయేను. నీ ఏడుపు ఆగితే గాని నాకు ఊపిరాడదనిపించింది. నీకోసం సెప్పనేదు పైడమ్మా. నాకోసం సెప్పుకున్నాను" అంది.

పైడమ్మ మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి ఆమె భుజాలు కదలడం చూశాను. చప్పుడు లేదు. ఆరేళ్ళు ఆపుకున్న ఏడుపు ఎలా బయటికి రావాలో మరిచిపోయినట్టుంది. అమ్మ దగ్గరికి జరగలేదు, చెయ్యి వేయలేదు, పాట ఎత్తలేదు. ఇద్దరూ ఏడుస్తూ చింతపండు గింజలు తీస్తూనే ఉన్నారు. నేనూ ఒక చాటలో కొంచెం వేసుకుని కూర్చున్నాను. తిరుగు బస్సు వేళ అయ్యేసరికి పోగంతా అయిపోయింది. మా వేళ్ళన్నీ జిగురుపట్టి గోధుమరంగులోకి తిరిగాయి.

పైడమ్మ తర్వాత చర్చికి వచ్చిందా అని మా వాళ్ళు అడుగుతూ ఉంటారు. సాక్ష్యాలు అలాగే ముగియాలని అందరికీ ఉంటుంది. రాలేదు. చోడవరం సంతకు వచ్చినప్పుడు మాత్రం మా ఇంటికి వచ్చి, అమ్మతో కాసేపు కూర్చుని వెళ్ళేది. ఒకసారి ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చింది. అమ్మ వాళ్ళకు జంతికలు పెట్టింది. వెళ్ళేముందు పైడమ్మ గుమ్మంలో ఆగి, "ప్రార్థన సెయ్యమ్మా. ఈలిద్దరి పేర్లూ ఎట్టి సెయ్యి" అంది. అంతే. దాన్ని ఏమని పిలవాలో నాకు తెలియదు.

ఆ తర్వాత అమ్మ మళ్ళీ చావిళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టింది, కానీ మాట్లాడేది కాదు. వెళ్ళి నీళ్ళు తోడేది. వచ్చినవాళ్ళు తాగిన గ్లాసులు కడిగేది. ఇంటి పిల్లలకు గంజి కాచి పట్టేది. పనులయ్యాక పోయినవాళ్ళ తల్లి పక్కనో భార్య పక్కనో కూర్చునేది. ఎవరైనా దేవుని చిత్తం అంటే అక్కడినుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది. సువార్తమ్మ విశ్వాసంలో చల్లారిపోయిందన్నారు కొందరు. ఒక సంఘపెద్ద అయితే నాన్నతో, మీ ఆవిడ వరం పోగొట్టుకుందని నేరుగా అనేశాడు. నాన్న మిషను ఆపకుండానే, "ఇప్పుడే దొరికింది బాబూ" అన్నాడు. ఆయన అంత సూటిగా మాట్లాడటం నేను అంతకుముందు గాని తర్వాత గాని వినలేదు. పెద్దదాన్నయ్యాక ఒకసారి నేనే అడిగాను, నీకు దేవుడంటే కోపం పోయిందా అని. అమ్మ బియ్యం ఏరుతోంది. "ప్రభువు స్నేహితుడి సమాధి కాడికెల్లి ముందేటి సేసేడు? ఏడిసేడు. బతికించి లేపుతానని ఆయనకి తెల్సు. అయినా ముందేడిసేడు. ఆయన ఆగిన కాడ మనం ఆగితే సాలు, ముందుకి పరిగెట్టకూడదు" అంది. కోపం సంగతి చెప్పలేదు.

ఇంత చూసినదాన్ని, నేను మళ్ళీ ఎందుకు మాట్లాడేదాన్నయ్యానో నాకే అర్థం కాదు. టీచరు ఉద్యోగం కొంత కారణం. ముప్పై ఏళ్ళకు పైగా రోజంతా మాట్లాడిన నోరు ఊరుకోదు. అమ్మ పోయాక సంఘాలవాళ్ళు ఆమె కూతురని పిలిచారు, నేను వెళ్ళాను. అమ్మ పాత మాటలు చెప్పలేదు గాని, వాటికంటే ముచ్చటైనవి తయారుచేసుకున్నాను. ప్రసన్న పోయిన రోజు నా ఫోనులో ఆ మంటల వీడియో ఆరుసార్లు వచ్చింది, ఆరు గ్రూపుల్లోంచి. నేను మూడు గ్రూపుల్లో చేతులు జోడించిన బొమ్మ పెట్టాను, ఒకదాంట్లో నిత్యజీవం గురించి రెండు లైన్లు రాశాను. పది క్షణాలు పట్టి ఉంటుంది. తర్వాత కూర తరుక్కున్నాను. పోయినవాళ్ళలో దీనమ్మ కూతురుందని నాకు తెలిసింది మరునాడు. మా అప్ప పేరు వేయలేదని నాన్న బాధపడ్డాడు. ఇప్పుడు పేరు వేస్తారు, ఫోటో వేస్తారు, ఒళ్ళు కాలడం కూడా చూపిస్తారు, కింద వేలమంది ఏదో ఒకటి రాస్తారు. ఆ రోజుల్లో చావు దగ్గరికి అమ్మ నడిచి వెళ్ళేది. వెళ్ళేలోపు గంటో రెండు గంటలో ఆ మనిషిని తలుచుకుంటూ నడిచేది. ఇప్పుడు చావే మన చేతిలోకి వస్తుంది, మనం కదలనక్కర్లేదు. దూరం తగ్గిందని అనుకున్నాను. తగ్గింది దూరం కాదు, నడక.

రోలుగుంటలో మైకు ముందు మాటలు రాక కూర్చున్నప్పుడు, నిజం చెప్పాలంటే, లోపల ఎక్కడో కొంచెం గర్వపడ్డాను. అమ్మలా ఉండగలిగానని. ఆ గర్వంతోనే మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఈసారి కూడిక లేదు, ఎవరూ పిలవలేదు. మధ్యాహ్నం వేళ. షామియానా తీసేశారు. దీనమ్మ భర్త చెరకు తోటకు వెళ్ళాడు. దీనమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసింది గాని ముఖంలో కళ లేదు. నేను అమ్మలాగే ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను.

"టీచరమ్మా, మీతో ఒక మాట సెప్పాలి. ఏటీ అనుకోకండి" అంది దీనమ్మ.

"చెప్పు."

"ఆ రోజు మీమీద కోపమొచ్చింది."

నేను ఉలిక్కిపడ్డాను. "నేనేమీ అనలేదు కదమ్మా" అన్నాను.

"అననేదు. అదే. మిగిలినోలందరూ ఏదో ఒకటి అన్నారు. నాకెక్కనేదు, సరే. మీరు మా టీచరు. మీరేటో సెప్తారని సూసేను. మీరు ప్రసన్న నాకు తెలీదు అనీసి కూకున్నారు." ఆమె గొంతు పెరగలేదు. క్లాసులో తప్పు దిద్దుకున్నప్పటి గొంతే. "తెలీకపోతే అడగొచ్చు కదండీ. వచ్చినోలు ఇంతమంది, పరిహారం గురించి అడిగేరు, ఫ్యాక్టరీవోలు వచ్చేరా అని అడిగేరు, పేపరోలు ఎలగ పోయిందని అడిగేరు. అది ఎలగుండేదో ఒక్కరూ అడగనేదు. నాకు సెప్పుకోవాలనుంది."

అమ్మ మౌనాన్ని నేను నేర్చుకున్నాననుకున్నాను. అమ్మ మౌనంగా ఉన్నప్పుడు ఎదుటి మనిషి మాట్లాడేందుకు చోటు ఉండేది. నా మౌనంలో నేనే నిండుగా కూర్చున్నాను. ఎండ గుమ్మంలోంచి జరిగి మా కాళ్ళ మీదికి వచ్చింది. కుర్చీ వదిలి, మోకాళ్ళు నొప్పిగా ఉన్నా, గుమ్మంలో దీనమ్మ పక్కన కిందనే కూర్చున్నాను.

"తప్పయింది దీనమ్మా. ఇప్పుడు అడుగుతున్నాను. ప్రసన్న ఎలా ఉండేది?"

దీనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపు ఎక్కడ మొదలుపెట్టాలో తోచనట్టు వీధి వైపు చూసింది.

"పుట్టినప్పుడు జుట్టు ఇంతుండేదండి," అని వేళ్ళతో కొలత చూపించింది. "నర్సమ్మ నవ్వీసింది."